మా నాయనమ్మ చెప్పని ఓటు

నా చిన్నప్పుడు హయత్‌నగర్ దాటగానే రోడ్డుకు రెండు పక్కలా ద్రాక్ష తోటలే ఉండేవంటే మా మనవరాలు నమ్మదు. ఇప్పుడు పెద్ద అంబర్‌పేట్ దాకా ఇళ్లే కనబడుతుంటే పాపం అది మాత్రం ఎలా నమ్ముతుంది? ఆ తోటల్లో ఒకదాన్ని ఆనుకునే మా వాడ. అందరం ఒకే చర్చికి వెళ్లేవాళ్లం, ఒకే పటేలు తోటలో కూలికి పోయేవాళ్లం. ఏడాది మొత్తం మీద చేతినిండా పని దొరికేది గుత్తులు కోసే కాలంలోనే. ఆ కూలితోనే మిగతా నెలలు నెట్టుకురావాలి, నా బడి కూడా అందులోనే.

ఆ ఏడు కోతలకు కాస్త ముందు పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. మా వార్డుకు పటేలు తమ్ముడు తరాజు, అంటే త్రాసు గుర్తు మీద నిలబడ్డాడు. అంతకుముందు వాళ్లు ఎవరిని నిలబెడితే వాళ్లే గెలిచేవారు. మా వాడ ఓట్లన్నీ గంపగుత్తగా అటే పడేవి. ఈసారి మాత్రం మా వాడ కుర్రాడే ఒకడు, నాలుగక్షరాలు నేర్చినవాడు, గొడుగు గుర్తుతో పోటీకి దిగాడు. పైకి అందరూ పటేలు మనుషులే. లోపల ఎవరు ఎటున్నారో కట్టుకున్నవాళ్లకు కూడా తెలియదు.

మా నాయనమ్మకు చూపు సరిగా ఆనేది కాదు. అందుకని ఓటు వెయ్యడానికి నన్ను వెంటబెట్టుకుని పోయింది. అట్ట అడ్డం పెట్టిన మూలన నిలబడి, కాగితం మీద బొమ్మలు ఒక్కొక్కటీ వేలు పెట్టి చూపించాను. ఆమె తరాజు మీద ముద్ర గుద్దింది. నాకు ఆశ్చర్యమేసింది. ఆ కుర్రాడిని చిన్నప్పుడు ఎత్తుకుని తిప్పిన మనిషి మరి! మా తాతయ్యను పాము కరిచినప్పుడు పటేలు తన జీపులో దవాఖానకు తీసుకుపోయి బతికించాడు, అది మనసులో పెట్టుకుని వేసి ఉంటుందని పెద్దయ్యాక అర్థమైంది. బయటికి రాగానే నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"గీ ముచ్చట నీ కడుపులనే ఉండాలె బిడ్డా. మీ నాయనకు గూడ చెప్పొద్దు."

గొడుగు గెలిచింది. పటేలు ఎవరినీ ఒక్క మాట అనలేదు. కోతలు మొదలయ్యే రోజు పొద్దున మాత్రం తోట గేటు దగ్గర ఒక బల్ల వేయించి, మా చర్చిలోని బైబిలునే తెప్పించి దాని మీద పెట్టించాడు. తన దేవుడి మీద ప్రమాణం చేయిస్తే మేం లెక్కచేయమనుకున్నాడేమో. తమ్ముడికే ఓటు వేశామని చెయ్యి పెట్టి చెప్పినవాళ్లు పనిలోకి రావచ్చు, చెప్పనివాళ్లు ఇంటిల్లిపాదీ రానక్కర్లేదు. అదీ ఆయన పెట్టిన షరతు.

వరసలో అందరికంటే ముందు మా నాయనమ్మే ఉంది. నేను హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. మా వాళ్లలో నిజం చెప్పి లోపలికి పోగలదని నాకు ఖాయంగా తెలిసిన మనిషి ఆమె ఒక్కతే. కానీ ఆమె చెయ్యి చాపలేదు.

"ఎవరికేసిన్నో నేను చెప్ప పటేలా. పని ఇస్తె ఇయ్యి, లేకుంటె లేదు."

అని పక్కకు జరిగి నిలబడింది. మా అమ్మానాన్నలు తల వంచుకుని ఆమె పక్కకే వచ్చారు. నోరు తెరిచి అరవాలనిపించింది నాకు. ఆమె చూపు ఆనని కళ్లతోనే నన్ను చూసింది, నా నోరు మూతబడింది. తన వెనక ఉన్నవాళ్లు కూడా అలాగే పక్కకు వస్తారని ఆమె అనుకుందని ఇప్పుడు తెలుస్తోంది. ఎవరూ రాలేదు. ఒక్కొక్కరే చెయ్యి పెట్టారు, చెప్పారు, గంపలు అందుకుని లోపలికి పోయారు. అందరూ నిజంగా తరాజుకే వేసి ఉంటే గొడుగు ఎలా గెలిచిందని పటేలు కూడా అడగలేదు. ఆయనకు కావలసింది ఓట్ల లెక్క కాదు.

ఇంటికి వచ్చాక నాయనమ్మ మీద విరుచుకుపడ్డాను. ఆ ఒక్క మాట చెబితే ఏం పోయిందని ఏడ్చాను.

"నేను చెప్తె, చెప్పలేనోళ్లు పట్టువడతరు బిడ్డా. వాళ్లకు గూడ పిల్లలున్నరు."

"వాళ్లంత లోపటికి పోయిండ్రు గదనే!"

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని పొయ్యి ముందు కూర్చుంది. ఆ ఎండాకాలమే నా బడి మానిపించారు. వానలు పడే లోపే దిల్‌సుఖ్‌నగర్ వైపు ఇళ్లు కట్టే పనులు వెతుక్కుంటూ వచ్చేశాం. చనిపోయేదాకా పటేలు మా నాయనమ్మను తనకు ద్రోహం చేసిన మనిషిగానే చెప్పుకున్నాడట. ఆమె కూడా కాదని కబురు పంపలేదు. ఇద్దరూ లేరు గనుక ఇప్పుడు రాస్తున్నాను.

ఆమె చేసింది మంచిదా అంటే ఈ వయసులోనూ చెప్పలేను. ఆమె మౌనం ఎవరినీ కాపాడలేదు, మమ్మల్ని మాత్రం ఊరు దాటించింది. తలుచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది, ఆ వెంటే ఏడుపూ వస్తుంది. మొన్న ఎన్నికలప్పుడు మా ఎల్బీనగర్ అపార్ట్‌మెంట్ పిల్లలు మన బిల్డింగ్ ఓట్లన్నీ ఒక్కరికేనంటూ వచ్చి, మీరెటు అమ్మా అని నవ్వుతూ అడిగారు. వాళ్లు చెప్పినవాళ్లకే వేద్దామని నేనూ అప్పటికే అనుకున్నాను. అవునంటే సరిపోయేది. నోరు పెగల్లేదు. తలుపు దగ్గరికి వేశాను.