నా జాతకంలో యుద్ధం గంట

మా ఇంట్లో ఆడపిల్లకి పెళ్లెప్పుడు చేయాలో ఆ పిల్లని అడిగే అలవాటు లేదు. అమ్మని అడిగే అలవాటు కూడా లేదు. ఎర్ర అట్ట వేసిన నోటుపుస్తకం ఒకటి ఉండేది, దాన్ని అడిగేవారు. పిల్లలు పుట్టిన తిథి, వారం, టైము అన్నీ నాన్న అందులో రాసిపెట్టాడు. పుస్తకానికి మాటలు రావు కనుక దాని తరఫున మాట్లాడడానికి నందిగామ నుంచి సిద్ధాంతి గారు బస్సులో దిగేవారు.

జగ్గయ్యపేటలో సిద్ధాంతులు లేక కాదు. కానీ వాళ్లకి ఊళ్లో ఎవరింట్లో ఏం జరుగుతోందో తెలుసు. తెలిసి చెప్పేది జోస్యం ఎలా అవుతుందని నాన్న వాదన. నందిగామ ఆయన పొరుగూరి మనిషి, ఏమీ తెలియకుండా చెబుతారు కాబట్టి నిజం చెబుతారట. ఆయన మా అరుగు మీద కూర్చుని, మా ఇంట్లో వండినవి ముట్టరు కనుక అరటిపళ్లు ఒలుచుకుంటూ, సంబంధాలేమైనా వస్తున్నాయా, ఎక్కడివి, ఎంత పొలం, అని నాన్న నోటే అన్నీ చెప్పించుకునేవారు. తర్వాత చెయ్యి కడుక్కుని, పంచాంగం తీసి, అవే సంగతులు గ్రహాల్లో చూసి చెప్పేవారు. నాన్న ప్రతిసారీ నోరు వెళ్లబెట్టేవాడు.

తలుపు వెనక నిలబడి వినీ వినీ నేను కూడా సగం సిద్ధాంతినయ్యాను. అదేమంత బ్రహ్మవిద్య కాదు. పుట్టిన టైముని బట్టి లగ్నం కడతారు. లగ్నం నుంచి ఏడో ఇల్లు పెళ్లికి సంబంధించింది. ఆ ఇంటికి అధిపతి ఏ గ్రహమో చూసుకుని, ఆ గ్రహం అంతర్దశ, అంటే దాని ఏలుబడి నడిచే కాలం, ఎప్పుడొస్తుందో లెక్కేస్తే అప్పుడు పెళ్లి. రెండు గంటలకో లగ్నం మారుతుంది కనుక టైము మాత్రం సరిగ్గా ఉండాలి.

జోస్యం ఎలా నిజమయ్యేదో కూడా కళ్లారా చూశాను. మా పెదనాన్న కూతురి పెళ్లి వైశాఖం దాటదని సిద్ధాంతి గారు చెప్పారు. పెదనాన్న దాన్ని దాటనిస్తేగా. చైత్రంలో చెప్పులరిగేలా తిరిగి సంబంధం వెతికి, వైశాఖంలో పిల్ల మెడలో తాళి పడేయించి, ఆయన నోట్లో నుంచి మాట పడితే జరిగి తీరుతుందని పేట అంతా చెప్పుకున్నాడు. బస్సు ఎనిమిదింటికి వస్తుందని చెప్పి, తనే తోలుకొచ్చి, చూశారా వచ్చింది అన్నట్టుండేది ఆ వ్యవహారం. ఆ అక్క మాత్రం అత్తారింటికి వెళ్లేటప్పుడు నా చెయ్యి పట్టుకుని, నీదెప్పుడని రాశాడే ఆయన, అని అడిగింది.

నాది అరవై ఒకటో సంవత్సరంలో తేలింది. నాకు పద్దెనిమిదో ఏడు నడుస్తోంది. ఒకే వారంలో రెండు ఉత్తరాలు వచ్చాయి. ఒకటి బెజవాడలో టీచరు ట్రైనింగుకి సీటొచ్చిందని. రెండేళ్ల చదువు, హాస్టల్లో ఉండాలి. రెండోది వీరులపాడు నుంచి, పిల్లని చూసుకోవడానికి వస్తామని.

పెళ్లికొడుకు మీద నాకు కోపమేమీ లేదు. ఫొటోలో బాగానే ఉన్నాడు, కాకపోతే కుర్చీ ఎక్కడ పారిపోతుందో అన్నట్టు దాని చెయ్యి గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు. నా ప్రాణమంతా ట్రైనింగు మీద ఉంది. మా హైస్కూల్లో ఒకే ఒక్క ఆడ టీచరు ఉండేవారు. ఆవిడ గదిలోకి వస్తే మీసాలొచ్చిన మగపిల్లలు కూడా లేచి నిలబడేవాళ్లు. ఇంట్లో నేను మాట్లాడితే అటు తిరిగి చూసే దిక్కు లేదు. ఒక్కసారైనా నలభై మంది నా మాట వినేలా నల్లబల్ల ముందు నిలబడాలని ఎంత ఆశపడ్డానో చెప్పలేను.

సిద్ధాంతి గారు వచ్చారు. తులాలగ్నం అన్నారు. ఏడో ఇంటికి కుజుడు అధిపతి. కుజుడి అంతర్దశ ఇప్పుడే మొదలైంది, ఏడు నెలలుంటుంది. ఆ తర్వాత పద్దెనిమిది నెలలు రాహువు, ఆయన శుభకార్యాలు కానివ్వడు.

"ఈ మాఘంలో చేసెయ్యండి. దాటిందంటే, ఆ తర్వాతి సంగతి నేను చెప్పలేనండి," అన్నారు.

అన్నీ చెప్పగలిగిన మనిషి చెప్పలేనంటే ఇంట్లో అందరికీ చెమటలు పట్టాయి. నాయనమ్మ అప్పటికప్పుడు ఇరవై ఎనిమిదేళ్లొచ్చినా పెళ్లి కాని నన్ను ఊహించుకుని కళ్లొత్తుకుంది. ఆడపిల్లకి హాస్టలేమిటని ఆవిడ ముందు నుంచీ గొణుగుతూనే ఉంది, ఇప్పుడు గ్రహాలు కూడా ఆవిడ పక్షం చేరాయి. నాన్న ట్రైనింగు ఉత్తరాన్ని మడిచి పాత పంచాంగాల కింద పెట్టాడు. నేను రెండు పూటలు అన్నం మానేశాను. వంట బాగాలేదేమోనని అమ్మ పప్పులో ఇంకొంచెం ఉప్పేసింది.

ఆ వారంలోనే మా గోడ గడియారం ఆగిపోయింది. బజారులో గడియారాలు బాగుచేసే సాయిబు గారు వచ్చి, దాన్ని దింపి, వెనక మూత విప్పి కూర్చున్నారు. నేను ముఖం వేలాడేసుకుని పక్కన దీపం గుడ్డతో దుమ్ము తుడుస్తున్నాను. ఆయన తన మానాన తను కబుర్లు చెబుతున్నారు. ఆ గడియారం మా ఇంటికొచ్చినప్పటి నుంచీ ఆయన చేతి మీదే నడుస్తోందట.

"యుద్ధంలో దీన్ని గంట ముందుకి తిప్పింది నేనే, అయిపోయినాక వెనక్కి తిప్పింది కూడా నేనే బిడ్డా," అన్నారు.

ఏం గంట, ఎందుకు తిప్పారు, అని అడిగాను. జర్మనీ వాళ్లతో, జపాను వాళ్లతో యుద్ధం జరిగేటప్పుడు దేశంలో గడియారాలన్నీ గంట ముందుకి పెట్టుకోమని సర్కారు ఉత్తర్వు చేసిందట. మూడేళ్లపాటు అలాగే నడిచాయట. పేటలో గడియారం ఉన్న ఇల్లల్లా తిరిగి ఈయనే ముల్లు తిప్పారట. ముసలివాళ్లు, సూర్యుడికి కూడా చెప్పొచ్చావా, అని తిట్టారట. ఆయన నవ్వుతున్నారు. నా చేతిలో గుడ్డ కింద పడింది.

నేను పుట్టింది నలభై మూడులో, నడి యుద్ధంలో. నోటుపుస్తకంలో ఉన్నది ఉదయం తొమ్మిది గంటల ఇరవై నిమిషాలు. అందులో సర్కారు వారి గంట తీసేస్తే ఎనిమిదీ ఇరవై. పరుగెత్తుకెళ్లి పంచాంగంలో లగ్నాల పట్టీ చూశాను. ఎనిమిదీ ఇరవైకి తుల రాలేదు, ఇంకా కన్యే నడుస్తోంది. కన్య నుంచి ఏడో ఇంటికి గురువు అధిపతి. గురువు అంతర్దశ రావాలంటే కుజుడి ఏడు నెలలూ, రాహువు పద్దెనిమిదీ అయిపోవాలి. అంటే రెండేళ్ల పైమాట. అంటే ట్రైనింగు అయిపోయాక. అప్పటిదాకా గ్రహాలని పూచికపుల్లల్లా తీసిపారేసిన దాన్ని, ఆ క్షణాన గురువు గారికి చేతులెత్తి దండం పెట్టాను. సిగ్గులేని దండం, కానీ మనస్ఫూర్తిగా పెట్టాను.

నాన్నకి చెబితే తిడతాడనుకున్నాను. అంతా విన్నాడు. సాయిబు గారిని కూడా అడిగాడు. తర్వాత నోటుపుస్తకం తీసి ఆ పేజీ వంక చాలాసేపు చూశాడు. రేపు నందిగామ వెళ్దాం, నువ్వూ రా, అన్నాడు.

సిద్ధాంతి గారి ఇంటి నడవాలో దూలానికి గుడ్డ మూటలు వేలాడుతున్నాయి, అన్నీ జాతకాలే. యుద్ధం గంట సంగతి నేనే చెప్పాను. ఆయన చిన్నపిల్లని చూసినట్టు చూసి, అది మాకు తెలియదా అమ్మాయ్, అంటూ నా జాతకం లెక్క వేసిన కాగితం తీశారు. వేలు ఒక్కో వరసే కిందికి దిగింది. ఒకచోట ఆగింది. మళ్లీ పైకెళ్లింది, మళ్లీ దిగింది, అక్కడే ఆగింది. ఆ లెక్కలో ఎక్కడా గంట తీసెయ్యలేదు. ఆయన తలెత్తి దూలానికున్న మూటల వంక చూశారు. ఆ మూడేళ్లలో చుట్టుపక్కల ఊళ్లలో పుట్టిన పిల్లలెందరో ఆ మూటల్లో ఉన్నారు. నా ఒక్కదానికే మర్చిపోయారంటే ఆయన కూడా నమ్మేలా లేరు.

అప్పుడే ఆయన కూతురు మాకు మజ్జిగ తెచ్చింది. నా ఈడుదే. గ్లాసులు కింద పెట్టి వెళ్లిపోకుండా గుమ్మంలోనే నిలబడింది.

"నాన్నగారూ, నాది కూడా అంతేనా?" అంది.

ఆయన చేతిలో కాగితాన్ని మళ్లీ మొదటి వరస నుంచి చూడసాగారు. ఆ పిల్ల కాసేపు చూసి లోపలికి వెళ్లిపోయింది. నాకు ఆయన్ని చూసి నవ్వాలో జాలిపడాలో తెలియలేదు. మజ్జిగ తాగేశాను.

అయితే ఆయన మాత్రం సామాన్యుడా. గొంతు సవరించుకుని, ఈ పిల్ల ముఖంలో తులాలగ్నం కళ లేదేమిటా అని నేను మొదటి నుంచీ అనుకుంటూనే ఉన్నానండి, అన్నారు. అదే ఊపులో కన్యాలగ్నం కట్టి, ఇప్పుడు పెళ్లి చేస్తే మంచిది కాదనీ, రెండేళ్లు పోయాక గురువు దివ్యంగా జరిపిస్తాడనీ, ఈలోగా చదివించుకోవచ్చనీ చెప్పారు. ఈ గంట సంగతి పేటలో అనొద్దని మాత్రం గుమ్మం దాకా వచ్చి నాన్నని బతిమాలుకున్నారు. నాన్న సరేనన్నాడు. నాకు కావలసింది దొరికింది కనుక నేను కూడా నోరు మూసుకున్నాను. మూటల్లో ఉన్న మిగతా పిల్లల గురించి ఆ రోజు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. అది తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు కోపం వస్తుంది.

ఇంట్లో ఒక్కరు కూడా ఎదురుచెప్పలేదు. గ్రహాలు పార్టీ మార్చాయని తెలిసి నాయనమ్మ కూడా మారిపోయింది. వీరులపాడు వాళ్లకి, జాతకంలో తేడా వచ్చింది, రెండేళ్లదాకా చేయకూడదన్నారు, అని కబురు పెట్టాం. పాపం వాళ్లు ఒక్క మాట అనలేదు. పిల్లని చదువుకి పంపుతున్నాం అని చెప్పి ఉంటే మాత్రం చుట్టాలందరి ముందు మమ్మల్ని ఏకిపెట్టేవారు.

ఆషాఢంలో నాన్న నన్ను బెజవాడలో దించడానికి బయలుదేరాడు. బస్సు మీద నా ట్రంకుపెట్టె, ఒళ్లో అమ్మ కట్టిచ్చిన పులిహోర. గెలిచానని నాకు లోలోపల ఎంత పొగరో. సిద్ధాంతి గారి వేలు ఎలా ఆగిందో, తులాలగ్నం కళ ఎలా కనబడకుండా పోయిందో అభినయించి చూపిస్తూ నందిగామ దాటేదాకా నాన్నని నవ్వించాలని చూశాను. ఆయన నవ్వలేదు. మునేరు వంతెన దాటి బస్సు కీసరలో ఆగింది. అది అమ్మ పుట్టిల్లు. తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాలి కనుక నేను పుట్టింది కూడా అక్కడే. తాతయ్య పోయాక వెళ్లడం తగ్గింది.

నాన్న కిటికీలో నుంచి తాతయ్య ఇంటి వైపు చూపించి, ఆ ఇంట్లో ఎప్పుడైనా గడియారం చూశావా, అని అడిగాడు. గుర్తు చేసుకున్నాను. అద్దం ఉండేది, దేవుడి పటాలుండేవి. గడియారం లేదు.

"నువ్వు పుట్టినప్పుడూ లేదమ్మా. మీ తాత గొడ్లచావిడి నీడ చూసి, తొమ్మిదీ ఇరవై అయి ఉంటుందని నాకు కార్డు రాశాడు," అన్నాడు నాన్న.

కీసరలో పుట్టానని నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. మా పేట ఇంటి గోడ మీది గడియారానికీ, నా పుట్టుకకీ మధ్య ఇరవై మైళ్ల పైన దూరం ఉందని, ఇంత తెలివైనదాన్నని విర్రవీగిన నాకు ఒక్కసారైనా తట్టలేదు. నీడకి సర్కారు ఉత్తర్వులు అందవు. నీడని చూసి రాసిన టైములో తీసెయ్యడానికి యుద్ధం గంట అనేదే లేదు. అంటే నాది తులాలగ్నమే. కుజుడే. ఈ మాఘమే.

మరి సిద్ధాంతి గారి ముందు ఎందుకు చెప్పలేదు నాన్నా, అని అడిగాను.

"ఊరికే చదివిస్తానంటే మీ నాయనమ్మ ఒప్పుకోదు, వీరులపాడు వాళ్లు ఊరుకోరు. ఏ సాకూ లేక చూస్తున్నా. నువ్వు గంట తెచ్చిచ్చావు, తీసుకున్నా," అన్నాడు.

నాకైతే గ్రహాలు నవ్వులాట. నాన్నకి కాదు. రాహుకాలంలో గడప దాటని మనిషి, సిద్ధాంతి గారు చెప్పిన ప్రతి అక్షరాన్నీ నమ్మిన మనిషి. నాది తులాలగ్నమేనని, మాఘం దాటితే నా పెళ్లి సంగతి ఎవరూ చెప్పలేరని ఆయనకి ఖాయంగా తెలుసు. అంతా తెలిసే ట్రంకుపెట్టె బస్సు మీదకి ఎక్కించాడు. అప్పటిదాకా నేను పడీపడీ నవ్వింది ఎవరి నమ్మకాన్ని చూసో అర్థమై, నాకు ఏడుపొచ్చింది.

"మాఘం దాటిపోతే ఎట్లా నాన్నా?" అన్నాను.

కండక్టరు బెల్లు కొట్టాడు. బస్సు కదిలింది. నాన్న పై కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

"దాటనీ," అన్నాడు.