కాన్పు గదిలో మోదుగనార తాడు

మా కాంపౌండర్ సారు పోయారని రాజురా నుంచి వచ్చిన బస్సు కండక్టర్ చెప్పాడు. చేతిలో దూదితో మెట్ల మీద నిలబడి విన్నాను. లోపల గూడెం నుంచి వచ్చిన ఒక కోలాం అమ్మాయికి నొప్పులు మొదలయ్యాయి. ఏడవడానికి కూడా తీరిక లేదు.

మా తాలూకా హైదరాబాద్ రాష్ట్రం నుంచి విడిపోయి ఇటు మరాఠీ రాష్ట్రంలో కలిసిన కొత్తలో కట్టిన కాన్పు గది ఇది. అధికారులు మారారు, కాగితాల భాష మారింది. అప్పుడు నేను కొత్త నర్సును. ఇనుప మంచం వేయించాను, కుంపటి వద్దన్నాను, గూడెం మంత్రసానిని గుమ్మంలోనే ఆపేశాను. ఘనకార్యం చేశాననుకున్నాను. నెలలు గడిచినా ఒక్కరూ రాలేదు. ఒకామె కాన్పు కష్టమై గూడెంలోనే ప్రాణం విడిచింది. ఆ తప్పు నాది, ఇప్పటికీ నాదే.

సారు తిట్టలేదు. "వాళ్లకని గది కట్టినం, వాళ్లనే అడగకపోతిమి. పా సిస్టరమ్మా, పోయి అడుగుదాం" అన్నారు.

గూడెం పొలిమేరలో ఎవరైనా నీళ్లు తెచ్చి ఇచ్చేదాకా ఆయన అడుగు ముందుకు వేసేవారు కాదు. ఎండలో నేను విసుక్కుంటే, "మన ఇంట్లకు ఎవలన్న గిట్ల జొరబడితే ఊకుంటమా?" అనేవారు. మూడుసార్లు తిరిగాం. "అడుగుడొక్కటే కాదమ్మా, జవాబొచ్చేదాక కూసోవాలె" అని నన్ను కూర్చోబెట్టారు. మూడోసారి మంత్రసాని నోరు విప్పింది.

"మంచం మీద పండితె కాన్పెట్లయితది? మేం తాడు పట్టుకొని కూసుంటం. నన్ను లోపటికి రానియ్యి, నీ మందు నువ్వియ్యి."

మేమూ రెండు మాటలు అడిగాం. సబ్బుతో చేతులు కడుక్కోవాలి, బొడ్డు నేను కోయాలి. ఒప్పుకుంది. మంచం బయటికి పోయింది, మూలకు కుంపటి వచ్చింది. మోదుగనారతో తాడు పేనే పని గూడెమే తీసుకుంది.

తనిఖీకి వచ్చిన అధికారి దూలానికి వేలాడే తాడు చూసి, ఇది ఆసుపత్రా, పశువుల కొట్టమా అని మరాఠీలో గద్దించాడు. ఎవరితోనూ గొంతు పెంచని మా సారు చెవులు ఎర్రబడ్డాయి. వచ్చీరాని మరాఠీలో, తాడు తీయాలంటే ముందు నన్ను బదిలీ చేయండి అన్నారు. చేశారు కూడా, రాజురాకు. తాడు మాత్రం ఉండిపోయింది.

ఏటా గూడెం నుంచి కొత్త తాడు రాగానే, సెలవు పెట్టుకుని బస్సెక్కి వచ్చేవారు. అంత లావు మనిషి తాడు పట్టుకుని, కాళ్లు రెండూ పైకెత్తి వేలాడేవారు. మీరు నవ్వుతారు, మేమూ నవ్వేవాళ్లం. ఆయన మాత్రం నవ్వేవారు కాదు. "ఆడిపిల్ల పానం దీని మీదనే ఉంటది" అనేవారు.

ఈసారి పోయిన వారమే కొత్త తాడు వచ్చింది. ఆదివారం వస్తానని సారు కబురు పెట్టారు.

నేను లోపలికి వెళ్లేసరికి మంత్రసాని చేతులు కడుక్కుంటోంది. నా ముఖం చూసి, "సారు రాడా?" అంది. తల అడ్డంగా ఊపాను. చాలాసేపు నీళ్లలోనే చేతులు ఉంచుకుంది.

"మరి తాడెవలు చూస్తరు?"

చీర బిగించుకుని, రెండు చేతులా తాడు పట్టుకుని కాళ్లు పైకెత్తాను. దూలం కిర్రుమంది. కొత్త నార అరచేతుల్లో గుచ్చుకుంది. తాడు తెగలేదు.

దిగి, దాన్ని ఆ అమ్మాయి చేతికి అందించాను.