పదహారని చెప్పిన వయసు

ఆ రోజుల్లో నేను ఏజెన్సీ కచేరీలో గుమస్తాని. దొరగారు ఏడాదికి రెండుసార్లు కొండెక్కి, హుకుంపేట దగ్గర డేరా వేయించి కేసులు విచారించేవారు. ఆయన ప్రశ్న కొండవాళ్లకు చెప్పడం, వాళ్ల జవాబు ఆయనకు చెప్పి కాగితం మీద పెట్టడం నా పని.

ఒకసారి అడవి జవాను ఒక ఆడపిల్లను పట్టుకొచ్చాడు. పోడు కోసం ఆమె పెట్టిన నిప్పు సర్కారు అడవిలోకి పాకింది. తండ్రి లేడు, తల్లికి పురిటి జ్వరం. చోళ్లు చల్లే అదను దాటిపోతుందని పిల్ల తనే నిప్పు పెట్టింది. అడగ్గానే ఒప్పుకుంది కూడా.

పదహారేళ్లు నిండని పిల్లల్ని జైలుకు పంపకూడదని కొత్త చట్టం వచ్చిన సంగతి నాకు తెలుసు. ఆ కాగితాన్ని దస్త్రంలో కుట్టింది నేనే.

"వయసెంత?" అన్నారు దొరగారు.

పిల్ల మేనమామను అడిగాను. "పెద్దమ్మోరు వచ్చి ఊరు సగం పోనాది కదా బాబూ, ఆ యేడు పుట్టిందీ గుంట," అన్నాడు. ఆ మశూచి ఏడు నాకూ గుర్తే. పన్నెండేళ్లు.

పన్నెండని చెబితే డాక్టరుకు చూపించాలి, కింద కచేరీకి ఉత్తరం రాయాలి, జవాబు వచ్చేదాకా డేరా ఎత్తకూడదు. అప్పటికే చలిజ్వరంతో రెండుసార్లు పడి లేచాను. ఇంటికి పోవాలని ప్రాణం కొట్టుకుంటోంది.

"పదహారండీ," అన్నాను.

మూడు నెలలు వేశారు. ఆ మాట పిల్లకు అర్థం కాలేదు. "అమ్మకి అంబలి ఎవులు కాత్తారు? బేగి వచ్చేత్తానా?" అని నన్నే అడిగింది.

"బేగి వచ్చేస్తావు," అన్నాను.

ఆమె జైలునుంచి వచ్చేసరికి తల్లి పోయింది. మళ్లీ డేరాకు కొండెక్కినప్పుడు సంతలో మేనమామ చెబితే తెలిసి, మర్నాడు వాళ్ల ఊరు వెళ్లాను. పిల్ల చంకలో తల్లి కని పోయిన పసిబిడ్డతో వాకిట్లో కూర్చుని ఉంది. నేను చేసింది చెప్పేశాను.

"ఎందుకు అలా సెప్పినావు?"

"ఇంటికి పోదామని."

ఆమె నన్ను తిట్టలేదు. బిడ్డను ఎత్తుకుని లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

తర్వాత వచ్చిన కొత్త దొరగారికి అర్జీ పెట్టుకున్నాను. పిల్లల వయసు ఎవరు చెప్పారో, ఏ గుర్తు మీద చెప్పారో, ఆ మాటలన్నీ రాశాకే విచారణ మొదలుపెట్టాలని కోరాను. ఆయన ఒప్పుకుని ఉత్తర్వు వేశారు. ఆ తర్వాత మొదట వచ్చిన పిల్లవాణ్ణి తల్లికి అప్పగించి పంపించారు.

"మంచి ఆలోచన చేశావయ్యా! ఎలా తట్టింది?" అని దొరగారు నా భుజం తట్టారు.

ఆ పిల్ల సంగతి దాచి, తర్వాతి పిల్లవాడి వయసు రాయడానికి కాగితం తీశాను.