నిదానం పాట

బెల్లంపల్లి గనిలో టబ్బుల్లో బొగ్గు నింపే యెషయాకు బూర ఊదడం మిషను బ్యాండులో అబ్బింది. పెళ్లిళ్లకు ఊదేవాడు, చావులకు ఊదేవాడు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన ఏడాది గని పైకప్పు కూలి, పక్కనే పనిచేస్తున్న తమ్ముడు తోమాసు చనిపోయాడు. ఆనాటి నుంచి గనిలోకి దిగాలంటే యెషయాకు భయం. పిరికివాడని నవ్వినవాళ్లున్నారు. వాళ్లు ఒక్కసారి ఆ చీకట్లో తమ్ముడి చెయ్యి పట్టుకుని లాగి చూడాలి.

ఆఫీసర్ల క్లబ్బులో అమెరికా నల్లవాళ్ల జాజ్ రికార్డు ఒకటుండేది. ఆ పాటను ఎందరెందరో వాయించారట గానీ, ఈ రికార్డులో బూర ఊదినవాడికి సాటి లేడని దొరలు చెప్పుకునేవారు. క్లబ్బులో పనిచేసే రాయమల్లు మధ్యాహ్నం గదులు ఊడుస్తూ, గ్రామఫోనుకు కీ ఇచ్చి అదే పెట్టేవాడు. యెషయా కిటికీ కింద కూర్చుని, ఆరు నెలల్లో ఆ బూర మొత్తం చెవితోనే పట్టేశాడు. గుండె పిండేసే నిదానం పాట అది. తోమాసు పోయి ఏడాదైన రోజు సమాధి దగ్గర ఊదితే, పాస్టరుగారు కొత్త కీర్తన అనుకుని కళ్లు తుడుచుకున్నారు.

అప్పుడే క్లబ్బుకు సొంత బ్యాండు పెట్టాలనుకున్నారు. ఆ పాట ఊది మెప్పిస్తే గని పని మాన్పించి క్లబ్బులోనే ఉంచుతానన్నాడు మేనేజరు. యెషయా భార్య రిబ్కమ్మ మూడు రోజులు ఉపవాస ప్రార్థన చేసింది.

ఊది చూపించాల్సిన రోజు రానే వచ్చింది. సికింద్రాబాదు నుంచి వచ్చిన వాయిద్యగాళ్లు పాట ఎత్తుకున్నారు. యెషయా నిర్ఘాంతపోయాడు. పాట పరుగులు పెడుతోంది, శ్రుతి కూడా పైనెక్కడో ఉంది. అతని వేళ్లకు వచ్చిన పాట వేరు. రెండుసార్లు అందుకోబోయి అపస్వరం పలికించాడు. మూడోసారి బూర దించేశాడు. ఇతనికి చావుపాట తప్ప రాదని వాళ్లు నవ్వారు.

బయట రాయమల్లు తల వంచుకుని నిలబడ్డాడు.

"మన గ్రామఫోను స్ప్రింగు వదులైందంటనే అన్నా. బ్యాండోళ్లు చూసి చెప్పిండ్రు. ఇన్ని దినాలు రికార్డు నిదానంగ తిరిగింది. నాకేం ఎరుక?"

యెషయా బూర చంకన పెట్టుకుని ఇంటికి నడిచాడు.

సోమవారం పొద్దున గని సైరన్ కూసింది. సద్దిగిన్నె అందుకుంటూ, యెషయా తన బూరను రిబ్కమ్మ చేతిలో పెట్టాడు.

"నాకేమన్నయితే బొంద కాడ గా పాటనే ఊదుమను. మన తీరుగ, నిదానంగ."

"ఎవలూదుతరు? గట్ల ఊదుడు నీకొక్కనికే వచ్చు" అంది రిబ్కమ్మ.

రెండో సైరన్ వినబడ్డాక యెషయా గని దారి పట్టాడు.