అమ్మ ఉండగానే గుండు

బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టే వాళ్లను మీరు చూసే ఉంటారు. బోడిగుండుకీ కీమోకీ ముడిపెట్టి, బతికున్న తల్లికి పరామర్శ తెచ్చిపెట్టిన ప్రబుద్ధుణ్ణి మాత్రం ఇప్పుడే చూస్తున్నారు.

తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులవి. కడప నుంచి వచ్చి హైటెక్ సిటీలో ఉద్యోగం చేస్తూ, లింగంపల్లిలో అమ్మతో కిరాయింట్లో ఉండేవాణ్ణి. నాన్న నా చిన్నప్పుడే పోయారు. అమ్మకు క్యాన్సరన్నారు. కీమోకు జుట్టు రాలుతుందని డాక్టరు చెప్పగానే, నడుము దాకా ఉన్న జడ పట్టుకుని ఆసుపత్రికి రానుగాక రానని అమ్మ భీష్మించుకుంది. బతిమాలాలో కసరాలో తెలియక నా బుర్ర పనిచెయ్యడం మానేసింది. ఆ తర్వాత చేసిందంతా బుర్ర లేకుండా చేసిందే.

అమెరికాలో రోగికి తోడుగా ఇంటిల్లిపాదీ గుండు చేయించుకుంటారని మా మేనేజరు ఒక ఫొటో చూపించాడు. ఇంకేం, మర్నాడు బంద్, ఆఫీసు లేదు. సగం షట్టరు దించిన సెలూన్‌లో దూరాను. పని సగంలో ఆపడం మా వంశంలో లేదు కనుక మీసం కూడా తీసెయ్యమన్నాను. సెలూనతను ఎందుకో నా భుజం నిమిరి, "జర ధైర్యంగ ఉండన్నా," అన్నాడు. ఎంత మంచివాడో అనుకున్నాను.

మెట్ల మీద ఇంటి ఓనరు లక్ష్మమ్మగారు నన్ను చూసి, కొంగు నోటికడ్డం పెట్టుకుని లోపలికి పరుగెత్తారు. గుండు నాకు నప్పలేదేమోనని బాధపడుతూ స్నానానికి పోయాను.

చావింట్లో పొయ్యి వెలిగించరు కదా. పాపం ఆవిడ పప్పు, అన్నం పట్టుకొచ్చి మా తలుపు కొట్టారు. తీసింది అమ్మ.

"వదినె... నువ్వు మంచిగనే ఉన్నవా?" అంటూ ఆవిడ గడప దగ్గరే కూలబడ్డారు. అంతలో తడి గుండుతో నేను బయటికొచ్చాను.

"ఎవురికిరా నాయనా ఈ గుండు?" అంది అమ్మ.

"నీకేనమ్మా," అన్నాను గర్వంగా.

అమ్మ ఆ అన్నం గిన్నె వైపు చూసింది, మీసం లేని నా మొహం వైపు చూసింది. అప్పటికిగానీ నాకూ వెలగలేదు. ఏడుస్తుందేమో అనుకున్నాను. అమ్మ నవ్వింది. పది రోజులుగా నవ్వన్నదే లేని మనిషి, కడుపు పట్టుకుని నవ్వింది. ఆ పప్పన్నమే ముగ్గురం తిన్నాం.

చెయ్యి కడుక్కుంటూ అంది: "రేపు ఆసుపత్రికి పోదాం పదరా. నేను పోకుంటే నీ గుండు నిజమయ్యేట్టుండాది."

ఇకమీదట ఎవరికి ధైర్యం చెప్పాలన్నా నోటితోనే చెబుతానని అక్కడికక్కడే శపథం చేశాను. మీసం మెలేసి చేద్దామనుకున్నాను గానీ, మెలేయడానికి ఏముంది?