మామ నీళ్లు పోసిన నత్తరాయి

మా మామ పోయిన కబురు కిరాణా కొట్టు ఫోనుకు వచ్చింది. నాగర్‌కర్నూల్ దవాఖాన నుంచి మా ఆయన చేశాడు. అప్పుడు నేను బట్టీ దగ్గర రాళ్లు ఏరుతున్నాను. మామకు చూపిద్దామని పక్కన పెట్టుకున్న చిన్న రాయిని చేతిలో పట్టుకునే ఇంటికి నడిచాను.

తెలకపల్లి దగ్గర మాది సున్నపు బట్టీ. రాయి ఎక్కడో దూరపు గనుల నుంచి లారీలో వస్తుంది. ఎప్పుడో ఒకసారి అందులో రాయిగా మారిన నత్త కనిపిస్తుంది. అవి ఏనాటివో సముద్రపు నత్తలని, అరుదైనవని బడి సారు చెప్పాడట. అప్పటి నుంచి మామ వాటిని కాల్చనివ్వలేదు.

"సముద్రం ఇడిసి ఇంత దూరం వచ్చినయి. మంటల ఎట్లేస్తం?" అనేవాడు.

మా ఇళ్లలో కోడలు మామతో మాట్లాడదు. నాకు అసలే సిగ్గు. నత్త దొరికితే ఆయన ముఖం కడుక్కునే చోట గోడ మీద పెట్టి పోయేదాన్ని. ఆయన చూసి, నాకు వినపడేలా అత్తతో అనేవాడు: "ఈ ఇంట్ల ఒకరికి కండ్లు మంచిగున్నయే." ఆ మాట కోసమే శ్రద్ధగా వెతికేదాన్ని.

ఒకసారి బట్టీ పేర్చడం అయిపోయింది. మామ కాగడా అంటించాడు. నిప్పు పెట్టే చోటే, ఒక రాయిలో పిడికిలంత నత్త కనిపించింది. చుట్లన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. మంట తగిలితే పొడైపోతుంది. చెప్పిద్దామంటే మా ఆయన ఊళ్లో లేడు, అత్త దూరంగా ఉంది.

"నిప్పు పెట్టకు మామా," అన్నాను.

ఆయన ఆగి, నేను చూపించిన రాయిని చూశాడు. దాన్ని లాగితే పై వరుసలు కూలతాయి. బట్టీ అంతా విప్పాల్సిందే.

అత్త వచ్చింది. "ఓయమ్మ, దీనికి నోరున్నదా? మూగపిల్లను తెచ్చుకున్ననేమో అనుకున్న. మాట్లాడక మాట్లాడక మాట్లాడి పని చెడగొట్టె."

"పని రేపు గూడ ఉంటది," అంటూ మామ కాగడాను మట్టిలో గుచ్చాడు. "పిల్ల మొదటిసారి ఒకటి అడిగింది. ఇప్పుండ్రి."

ఆ రాయి గోడ మీదికి చేరింది. రోజూ ముఖం కడుక్కున్నాక చెంబులో మిగిలిన నీళ్లు దాని మీద పోసేవాడు. "సముద్రంలది గద బిడ్డా, దూపైతది," అని ఇక నాతోనే అనేవాడు.

"ఇయ్యాల ఏమన్న దొరికినయా?"

"లేవు మామా."

"రేపు దొరుకుతయి తియ్యి."

ఎవరితోనూ నేను అన్ని మాటలు మాట్లాడలేదు.

నిన్న పొద్దున అత్త ముఖం కడుక్కుంటుంటే నేను గడపలో ఉన్నాను. ఆమె చెంబు ఎత్తి, ఎవరైనా చూస్తున్నారా అని అటూ ఇటూ చూసి, మిగిలిన నీళ్లు గోడ మీద పోసింది. పెద్ద నత్తా, పక్కనే ఆయన చూడని చిన్న నత్తా తడిశాయి. చుట్లు ఒక్కొక్కటే నల్లగా పైకి తేలాయి.