చూడ్డానికే దీపాలు

రంగూనులో మా కింద వాటా ఒక యూదుల ముసలమ్మది. హనుకా పండగ ఎనిమిది రోజులూ వీధి కిటికీలో రోజుకో నూనెదీపం పెంచుతూ వెలిగించేది. ఆ వెలుగులో సూదికి దారం కూడా ఎక్కించనిచ్చేది కాదు. "చూడ్డానికే, పనికి కాదు" అనేది.

"ఏటమ్మా, పని చేస్తే వెలుగు అరిగిపోద్దా?" అని నేనంటే, "నోరు మూసుకుని చూడు" అనేది.

ఆవిడ కొడుకు ఓడల కంపెనీలో గుమాస్తా. సూటు వేసుకున్నాడంటే ఇంగ్లీషు తప్ప మరో భాష రాదు. హెడ్డుగుమాస్తా పని మీద ఆశతో ఓ పండగ సాయంత్రం దొరని టీకి పిలిచాడు. "ఈ ఒక్కపూట దీపాలు లోపల పెట్టమ్మా, మనం వేరేవాళ్లమని చాటుకోవడం దేనికి?" అని బతిమాలాడు. ఆవిడ కిటికీ తెర కూడా తీసేసింది. కుర్చీలు చాలక మాదొకటి అడిగారు. దానితోపాటు నేనూ దిగాను.

దొర చుట్ట ముట్టించుకోడానికి దీపం మీదికి వంగాడు. ముసలమ్మ అతని చెయ్యి పట్టేసుకుని, "చూడ్డానికే, పనికి కాదు" అంది హిందుస్తానీలో.

"ఈ ఆయా ఏమంటోంది?" అన్నాడు దొర.

కొడుకు లేచి నిలబడ్డాడు. "ఆయా కాదు సార్, మా అమ్మ. మా దీపాలతో చుట్టలు ముట్టించకూడదు."

ఇంత నాటకంలో పాపం ఆ చుట్ట సంగతి ఎవరికీ పట్టలేదని నేను అగ్గిపెట్టె తీశాను. కొడుకు దాన్ని లాక్కుని తన జేబులో వేసుకున్నాడు.